సూపర్ హీరో కామిక్ బొమ్మలు బాగున్నాయో లేదో తేల్చుకోవడం ఎలా?

ఆదివారం పొద్దున తిరుపతిలో మా మిద్దె మీద బొమ్మల క్లాసు పెడతాను. పదిమందికి మించి రారు. వచ్చేవాళ్ళలో సగం మంది ఇంజనీరింగ్ పిల్లలు. సంచి దించకముందే ఫోన్ తీసి నా ముక్కు దగ్గర పెడతారు. "అన్నా, ఈ బ్యాట్‌మ్యాన్ చూడు, సూపరుండాది కదా?" అంటారు. ఎందుకు సూపరని అడిగితే "డీటెయిల్ చూడన్నా, కండలు చూడు" అంటారు. పక్కవాడు అదే బొమ్మ చూసి చెత్త అంటాడు. వాడి దగ్గరా కారణం ఉండదు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులదింకో గొడవ: "వెయ్యి రూపాయలు పెట్టి ఈ పుస్తకం కొనమంటున్నాడు సార్, బొమ్మలు అంత గొప్పవేనా?"

ఒకే జవాబు వారం వారం చెప్పి గొంతు పోయింది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు బొమ్మలు వేయడం రావాల్సిన పని లేదు. వంట రాకపోయినా సాంబారులో ఉప్పెక్కువైందని చెప్పగలం కదా. కాకపోతే ఉప్పే ఎక్కువైందా, పులుపు తక్కువైందా అని విడదీసి చెప్పడం నేర్చుకోవాలి. ఈ పద్ధతి దానికోసమే.

మొదటే ఒక మాట. "బొమ్మ అందంగా ఉందా" అనేది మీ ప్రశ్న కాదు. "బొమ్మ కథను నడిపిస్తోందా" అన్నదే ప్రశ్న. కామిక్ అంటే గోడకు తగిలించే పటం కాదు, ఒకదాని తర్వాత ఒకటి చదివే బొమ్మల వరస. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే.

కావలసినవి

- ఒక పూర్తి సంచిక. అమెరికా నెలవారీ కామిక్‌లో కథ సాధారణంగా 20, 22 పేజీలు ఉంటుంది. అచ్చు పుస్తకమైతే మంచిది. లేదంటే ట్యాబ్ గానీ ల్యాప్‌టాప్ గానీ చాలు.
- బటర్ పేపర్ రెండు షీట్లు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది.
- పెన్సిలు, అంటించి తీసేయగలిగే చీటీలు.
- కెమెరా, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ ఉన్న ఫోన్.
- వీలైతే అదే హీరోని వేరే ఆర్టిస్టు వేసిన ఇంకో సంచిక.
- గంటన్నర టైం. మొదటిసారి రెండు గంటలు పట్టినా కంగారు పడొద్దు.

ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో తిరిగే స్కాన్ కాపీల మీద తీర్పు చెప్పకండి. వాటిలో రంగులు మారిపోయి, గీతలు అలికినట్టు ఉంటాయి. అలాగే ఫోన్ యాప్‌లో ఒక్కో గడి విడివిడిగా చూపించే పద్ధతి ఉంటే ఆపేయండి. పేజీ మొత్తం ఒకేసారి కంటికి కనబడాలి. ఆర్టిస్టు కట్టింది పేజీని, విడి గడుల్ని కాదు. గడి అంటే ఇక్కడ ప్యానెల్ అనుకోండి.

1. అట్ట పక్కన పెట్టండి

అట్ట మీద బొమ్మ వేసినవాళ్ళే లోపల కూడా వేయాలని లేదు. ఇప్పుడైతే ఒకే సంచికకు నాలుగైదు రకాల అట్టలు, నలుగురైదుగురు ఆర్టిస్టులు. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. కొన్నేళ్ళ కిందట చెన్నై పోయినప్పుడు ఒక షాపులో గట్టి అట్ట పుస్తకం కనబడింది. అట్ట చూసి కళ్ళు చెదిరాయి. ప్లాస్టిక్ కవర్ విప్పనివ్వలేదు. అలాగే కొనేశా. తిరుగు బస్సులో పుత్తూరు దగ్గర విప్పి చూస్తే లోపల ముగ్గురు వేర్వేరు ఆర్టిస్టులు, ముగ్గురూ పరుగు మీద వేసినట్టున్నారు. ఆ పుస్తకం ఇంకా ఉంది, క్లాసులో "ఇలా కొనకండి" అని చూపించడానికి పనికొస్తోంది.

అట్ట వదిలేసి, సంచిక మధ్యలోంచి రెండు చోట్లు ఎంచుకోండి. ఒకటి కొట్లాట జరిగే మూడు పేజీలు. రెండోది ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకునే రెండు పేజీలు. రెండోదాన్ని మాత్రం వదలకండి. కొట్లాట చాలామంది వేస్తారు. టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్న నలుగురిని విసుగు పుట్టకుండా వేసేవాళ్ళు తక్కువ.

2. ఎవరి పని ఏదో చూసుకోండి

మొదటి పేజీల్లో పేర్లుంటాయి. రచయిత, పెన్సిల్ వేసేవారు, సిరా దిద్దేవారు, రంగులు వేసేవారు, అక్షరాలు రాసేవారు. కొన్నిచోట్ల పెన్సిలు, సిరా ఒకరే. మన శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడా ముందు చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో పలచగా బొమ్మ గీస్తారు, తర్వాత కలంతో నల్ల గీత దిద్దుతారు, ఆ తర్వాతే రంగుల పని. పేర్లు ఒక చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. తర్వాత తిట్టాల్సి వచ్చినా పొగడాల్సి వచ్చినా సరైన మనిషికే అందాలి.

3. మాటలు మూసి చదవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. టైం లేకపోతే ఇదొక్కటి చేసినా సగం తేలిపోతుంది.

మీరు ఎంచుకున్న పేజీల్లో మాటల బుడగలన్నిటి మీదా చీటీలు అంటించండి. ట్యాబ్‌లో అయితే స్క్రీన్‌షాట్ తీసి వేలితో తెలుపు పూసేయండి. ఇప్పుడు ఆ పేజీల్ని పక్కనున్నవాళ్ళకు చూపించి, ఏం జరుగుతోందో చెప్పమనండి. కామిక్స్ అంటే ఇష్టం లేనివాళ్ళైతే ఇంకా మంచిది. మా క్లాసులో ఒక పిల్లాడు వాళ్ళ నాయనమ్మకు చూపించాడు. ఆమెకు స్పైడర్ మ్యాన్ ఎవరో తెలీదు. "ఈ పిల్లోడు ఏదో తప్పు చేసినాడు, ఆ పెద్దామె దగ్గర దాచిపెడతాండాడు" అంది. కథలో ఉన్నది సరిగ్గా అదే. ఆ రెండు పేజీలు వేసినవాడు పని తెలిసినవాడని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

చెప్పాల్సినవి నాలుగు: ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. తర్వాత చీటీలు తీసి మాటలు చదివి పోల్చండి. నాలుగింట్లో మూడు కలిస్తే బొమ్మలు కథ మోస్తున్నట్టు. ఒకటే కలిస్తే భారమంతా మాటల మీదే పడుతున్నట్టు.

ఇక్కడ అన్యాయం జరిగే వీలుంది, చూసుకోండి. పేర్లు, పాత సంగతులు, మనసులో మాటలు బొమ్మలో కనబడవు. అవి తెలియలేదని ఆర్టిస్టుకు మార్కులు కొయ్యకండి. కోపమా భయమా అన్నదే తెలియకపోతే మాత్రం కొయ్యండి.

ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకునే సంచిక ఒకటి చూడాలంటే, డేవిడ్ ఆహా (David Aja) బొమ్మలతో వచ్చిన హాక్ఐ (Hawkeye) వరసలో 11వ సంచిక వెతకండి. 2013లో వచ్చింది. కథంతా ఒక కుక్క వైపునుంచి నడుస్తుంది. మనుషుల మాటలు దానికి ఒకటీ అరా తప్ప అర్థం కావు కాబట్టి బుడగల్లో గీకుడు గీతలే ఉంటాయి. ఏ మనిషి దగ్గర ఏ వాసన వచ్చింది, ఆ మనిషి తనకు ఎలా గుర్తు అన్నది చిన్న చిన్న గుర్తు బొమ్మలతో చూపిస్తారు. చీటీలు అంటించే పని ఆర్టిస్టే చేసి పెట్టాడన్నమాట.

4. వేలితో దారి పట్టండి

చీటీలు తీసేయండి. పేజీ ఎడమవైపు పై మూల దగ్గర వేలు పెట్టి, మీ కన్ను ఎటు పోతే వేలిని అటే పోనివ్వండి. గడి నుంచి గడికి, బుడగ నుంచి బుడగకి. ఎక్కడైనా వేలు వెనక్కి వచ్చిందా? "ముందు ఇది చదవాల్సింది" అనిపించిందా? అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. అచ్చు పుస్తకం మీద గీయడానికి ప్రాణం ఒప్పకపోతే బటర్ పేపర్ పరిచి దాని మీద పెట్టండి. ఐదు పేజీల్లో ఒకటి రెండు చుక్కలుంటే ఫరవాలేదు. పేజీకి రెండేసి ఉంటే గడుల కూర్పు చెడినట్టే.

తర్వాత గడుల సైజులు చూడండి. పెద్ద గడి ఎక్కడ వచ్చింది? కథలో పెద్ద సంగతి జరిగిన చోటా, లేక ఊరికే హీరో నిలబడ్డ చోటా? 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన, స్టీవ్ డిట్కో వేసిన అమేజింగ్ స్పైడర్ మ్యాన్ 33వ సంచిక ఈ పాఠానికి ఇప్పటికీ పెద్ద బాలశిక్ష. హీరో ఒక పెద్ద యంత్రం కింద ఇరుక్కుంటాడు. లేవలేడు. ఒక్కో గడిలో కొంచెం కొంచెం కదులుతాడు. గడులు పెద్దవవుతూ పోయి, దాన్ని ఎత్తి పారేసే బొమ్మ పేజీ నిండా వస్తుంది. ఆ బరువు ఎత్తింది మనమే అన్నట్టుంటుంది. అదే పేజీ నిండా బొమ్మ మొదట్లోనే వేసి ఉంటే ఏమీ ఉండేది కాదు.

ఇప్పటి కామిక్స్‌లో ఎక్కువగా కనబడే జబ్బు ఇక్కడే ఉంది. ప్రతి రెండు పేజీలకూ ఒక పేజీ నిండు బొమ్మ. అన్నీ పండగ రోజులైతే పండగకు విలువేముంది?

కావాలని తికమక పెట్టే పేజీలూ ఉంటాయి, వాటిని తప్పుగా లెక్కెయ్యకండి. గ్రెగ్ కపులో బొమ్మలు వేసిన బ్యాట్‌మ్యాన్ 5వ సంచికలో, 2012లో, హీరో ఒక చిక్కుదారుల కట్టడంలో పడి మతి తప్పుతుంటాడు. పేజీలు అడ్డం తిరుగుతాయి, తర్వాత తలకిందులవుతాయి. పుస్తకాన్ని తిప్పి తిప్పి చదవాలి. ఆ తికమక కథకు అవసరం. తేడా ఎలా తెలుసుకోవాలి? హీరో తికమకలో ఉన్నప్పుడు మీకూ తికమక కలిగితే అది పనితనం. హీరో హాయిగా టీ తాగుతున్నప్పుడు మీకు తికమక కలిగితే అది తప్పు.

5. నీడబొమ్మ పరీక్ష

కొట్లాట పేజీ మీద బటర్ పేపర్ పరిచి, మనుషుల చుట్టూ గీత గీసి లోపలంతా పెన్సిల్‌తో నల్లగా నింపండి. ముఖాలు, బట్టల వివరాలు వద్దు. తోలుబొమ్మ నీడలా ఉండాలి. ఇప్పుడు కాగితం ఎత్తి దూరం పెట్టి చూడండి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలుస్తోందా? ఇద్దరూ కలిసి ఒక నల్ల ముద్దలా ఉన్నారా?

చందమామ చదివినవాళ్ళకు శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మ గుర్తుండే ఉంటుంది. చేతిలో కత్తి, భుజం మీద శవం. దాన్ని నల్లగా నింపేసినా ఎవరో చెప్పొచ్చు, ఎటు నడుస్తున్నాడో కూడా చెప్పొచ్చు. సూపర్ హీరో వేషాలు పనికొచ్చేది కూడా ఇందుకే. బ్యాట్‌మ్యాన్ తల మీద ఆ రెండు చెవులు తీసేస్తే చీకట్లో ఎవరో తెలీదు. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వీధి చివర వేషం కనబడగానే బైరాగి వేషమా, తోటి వేషమా, దొర వేషమా అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అలా ఉండాలి.

గీయడం బద్ధకమైతే కళ్ళు సగం మూసి పేజీని చూడండి. అంత కచ్చితం కాదు గానీ పని జరుగుతుంది.

6. ఒళ్ళు చూడండి, జిమ్ కళ్ళతో కాదు

అందరూ తప్పు చేసేది ఇక్కడే. రెండు వైపులా చేస్తారు. ఒకరు కండలు ఎక్కువుంటే గొప్ప ఆర్టు అంటారు. ఇంకొకరు "మనిషికి అలాంటి కండలుండవు, తప్పు" అంటారు. రెండూ కాదు.

మన చిత్తూరు పల్లెల్లో భారతం ఆడినప్పుడు చివరి రోజు దుర్యోధనుడిని నేల మీద బంకమట్టితో పడుకోబెడతారు, చూశారా? దాని తొడ పక్కన నిలబడితే భీముడి వేషగాడు చిన్నపిల్లాడిలా కనిపిస్తాడు. అది తప్పని ఎవరైనా అన్నారా? ఆ రోజు కథకు అంత తొడ కావాలి. పెంచి వేయడం తప్పు కాదు, ఎందుకు పెంచారో తెలియకపోవడమే తప్పు.

పాతతరం అమెరికా కామిక్ ఆర్టిస్టు జాక్ కర్బీ వేసిన మనుషుల వేళ్ళు ఇటుకల్లా చదరంగా ఉంటాయి. పిడికిలి పేజీ దాటి మన ముఖం మీదకు వస్తుంది. శరీర శాస్త్రం పుస్తకంతో కొలిస్తే ఫెయిల్. కానీ ఆ దెబ్బకున్న బలం మనకు తగులుతుంది. 1988లో అమేజింగ్ స్పైడర్ మ్యాన్‌కు వచ్చిన టాడ్ మెక్‌ఫార్లేన్ హీరో కాళ్ళూ చేతులూ ఎలా పడితే అలా మెలితిప్పాడు. మనిషి అలా ఉండలేడు, సాలెపురుగు ఉంటుంది. అతను వేసింది అదే. ఆ తర్వాత ఎంతోమంది ఆ మెలికల్ని మాత్రమే తీసుకుని సాలెపురుగును వదిలేశారు.

మరి తప్పు ఎలా పట్టుకోవాలి? మూడు చిన్న పరీక్షలు చేయండి.

ఒకటి, బరువు. మనిషి ఏ కాలి మీద నిలబడ్డాడో వేలు పెట్టి చూపించండి. చూపించలేకపోతే అతను గాలిలో తేలుతున్నట్టు. పాదాలు ప్రతి గడిలోనూ పొగలోనో, గడ్డిలోనో, రాళ్ళ వెనకో దాక్కుంటుంటే ఆర్టిస్టుకు పాదాలంటే భయమని అర్థం. 1990లలో ఈ భయం బాగా ఎక్కువగా కనబడుతుంది.

రెండు, అద్దం. పేజీని ఫోటో తీసి, ఫోన్‌లో ఎడిట్‌లోకి వెళ్ళి కుడి ఎడమలు తిప్పండి. మామూలుగా చూసినప్పుడు కనబడని వంకరలు తిప్పగానే బయటపడతాయి. ఒక కన్ను జారిపోయి ఉంటుంది, లేదా భుజం ఊడినట్టుంటుంది. బొమ్మలు వేసేవాళ్ళు తమ బొమ్మను తామే ఇలా చూసుకుంటారు.

మూడు, మీరే ఆ భంగిమలో నిలబడండి. ముఖ్యంగా ఆడ పాత్రల విషయంలో. ఛాతీ, పిరుదులు రెండూ ఒకేసారి మనవైపు తిరిగి ఉండేలా వేసిన బొమ్మలు ఈ కామిక్స్‌లో కొల్లలు. అలా నిలబడి చూడండి, నడుము ఎక్కడ తిరగాలో తెలుస్తుంది. మెల్లగా చేయండి. నేను క్లాసులో చేసి చూపించబోయి రెండు రోజులు మంచం దిగలేదు. కథలో ఆమె కొట్లాడుతోందా, ఎవరికో ఫోటోకు నిలబడిందా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆమె కొట్లాటలో ఉండి కూడా ఫోటోకు నిలబడ్డట్టుంటే ఆర్టిస్టు కథను వదిలేశాడు, అంతే.

ఒళ్ళుతోనే కథ చెప్పడం ఎలాగో చూడాలంటే 2005 నుంచి 2008 దాకా ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలతో వచ్చిన ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్ తీయండి. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిలా తిరిగేటప్పటి క్లార్క్ కెంట్ భుజాలు వంగి, పొట్ట ముందుకొచ్చి, అడుగు తీసి అడుగు వేస్తే దేన్నో ఒకదాన్ని తన్నుకునేలా ఉంటాడు. సూపర్‌మ్యాన్ నిటారుగా, హాయిగా ఉంటాడు. కళ్ళజోడు ఒక్కటి పెడితే ఎవరూ గుర్తుపట్టరా అని మనం చిన్నప్పటినుంచి వెక్కిరించే సంగతి అక్కడ నమ్మబుద్ధేస్తుంది.

7. ముఖాలు

ఒకే పాత్ర ముఖాలు ఆరు గడుల్లోంచి ఎంచుకుని, జుట్టు, ముసుగు చీటీతో కప్పండి. ఆరూ ఒకే మనిషివేనా? అందరు ఆడవాళ్ళకూ ఒకే ముఖం ఉండి జుట్టు రంగు మాత్రమే మారుతోందా? రెండోదైతే పెద్ద మైనస్. తర్వాత ఆరు ముఖాల కిందా ఒక్కో భావం రాయండి. కోపం, పళ్ళు నూరడం, మళ్ళీ కోపం, ఇంకాస్త కోపం అని వస్తే మీకు విషయం అర్థమైనట్టే.

ఫోటోలు చూసి గీసిన బొమ్మల్లో ముఖం అచ్చం మనిషిలా ఉండి, భావం మాత్రం పక్క గడితో అతకదు. అలాగని ఫోటో చూసి వేయడమే నేరం కాదు. అలెక్స్ రాస్ మనుషుల్ని వేషాలతో నిలబెట్టి ఫోటోలు తీసుకుని రంగుల్లో వేస్తాడు. అతని పేజీల్లో వెలుతురు, వయసు, అలసట అన్నీ కథ కోసమే ఉంటాయి.

8. గీత

భూతద్దం ఉంటే తీయండి. గీత అంతటా ఒకే మందమా, దగ్గరున్నవాటికి లావు, దూరమున్నవాటికి సన్నమా? చిన్న చిన్న గీతలు దట్టంగా కొట్టిన చోట అవి రూపం చెబుతున్నాయా, ఖాళీ నింపుతున్నాయా? ఒక గోడ మీద గీతలన్నీ గోడ వాలు చెబితే అవి పనిచేసే గీతలు. ఎటు పడితే అటు ఉంటే గడ్డి మొలిచినట్టే.

వీలైతే ఒకసారి శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ వేసేవాళ్ళ పక్కన అరగంట కూర్చోండి. తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం. వెదురు కలానికి చుట్టిన బట్టను వేళ్ళతో నొక్కుతూ, ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నల్ల నీటితో గీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నలుపు పడిందంటే ఇక చెరిపే దారి లేదు. అందుకే ఒక్క గీత కూడా ఊరికే పడదు. అది చూసి వచ్చాక హెల్‌బాయ్ కామిక్ వేసిన మైక్ మిగ్నోలా బొమ్మలు తిరగేయండి. సగం పేజీ నలుపు, నాలుగే గీతలు, అయినా ఏదీ తక్కువైనట్టుండదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మొదట్లో ఒక అమ్మాయి తక్కువ గీతలతో కామిక్ పేజీ వేసి తెస్తే "ఇంకా పని చెయ్యమ్మా, ఖాళీగా ఉంది" అన్నాను. ఆమె చెప్పినట్టే నింపుకొచ్చింది. చీటీల పరీక్ష పెడితే మొదటి పేజీ పాసయ్యింది, నేను నింపించిన పేజీ ఫెయిలయ్యింది. డీటెయిల్ ఎక్కువైతే మార్కులు ఎక్కువ వేసే అలవాటు ఆ రోజుతో పోయింది నాకు.

9. రంగు తీసి చూడండి

ఫోటోకు బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టండి. ముఖ్యమైన మనిషి ఇంకా ముందుకు కనబడుతున్నాడా? కనబడితే గీత, వెలుతురు గట్టిగా ఉన్నట్టు. మాయమైతే రంగే ఆదుకుంటోందన్నమాట. అది తప్పేం కాదు గానీ, మెచ్చుకోవాల్సింది రంగు వేసినవారిని. మీ చీటీ మీద ఆ పేరు చూడండి.

రంగు ఎంత మార్చేస్తుందో తెలియాలంటే బ్రయన్ బోలండ్ వేసిన బ్యాట్‌మ్యాన్ కథ ది కిల్లింగ్ జోక్ రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టండి. 1988 నాటి రంగులు జాన్ హిగ్గిన్స్‌వి. పసుపు, నారింజ, ఊదా కళ్ళలో గుచ్చుకుంటాయి. 2008లో బోలండే మళ్ళీ రంగులు వేసి అన్నిటినీ చల్లబరిచాడు. గీతలు అవే. కథ వేరేలా అనిపిస్తుంది. ఏది మంచిదని మా క్లాసులో గొడవ ఇంకా తెగలేదు. నాకు పాతదే ఇష్టం.

పాత కామిక్స్ తీర్పు చెప్పేటప్పుడు ముద్రణ ఏడాది చూసుకోండి. అప్పటి చౌక కాగితం మీద చుక్కల రంగులు సిరా పీల్చుకుని మెత్తబడేవి. అవే రంగులు ఇప్పటి నున్నటి కాగితం మీద వేస్తే గాజులబండిలా ఉంటాయి. అది రంగు వేసినవారి తప్పు కాదు.

10. చోటు

మాట్లాడుకునే రెండు పేజీలు తీసుకుని ఆ గది ప్లాను గీయండి. తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, ఎవరు ఎటు కూర్చున్నారు. గీయగలిగితే చాలు, పాస్. ప్రతి గడిలో వెనక బిల్డింగులు లేవని తిట్టొద్దు. నెలకు 20 పైగా పేజీలు పూర్తి చేయాలి, కొన్ని చోట్ల ఖాళీ వదలడం తెలివి కూడా. సీను మొదట్లో ఒకసారి ఊరూ ఇల్లూ చూపించారా, ఎడమవైపున్న మనిషి కారణం లేకుండా కుడివైపుకు దూకాడా అన్నవి చూస్తే చాలు.

11. మూడు వాక్యాల్లో తీర్పు రాయండి

మొదటి వాక్యం: ఈ సీనులో కథకు ఏం కావాలి? రెండో వాక్యం: బొమ్మ ఏం చేసింది? మూడోది: సాక్ష్యం ఏ పేజీలో, ఏ గడిలో? "బాగుంది", "సూపర్", "యావరేజ్" అన్న మాటలు వాడకండి. మా క్లాసులో ఆ మాటలు వాడినవాళ్ళు అందరికీ టీ ఇప్పించాలి. మొదటి నెల నేనే ఎక్కువసార్లు ఇప్పించా.

ఉదాహరణకు ఒక పిల్లాడు రాసింది: "హీరో ఓడిపోయాడని ఇక్కడ మనకు తెలియాలి. ఆర్టిస్టు ముఖం చూపించకుండా వంగిన వీపు, ఖాళీ వీధి చూపించాడు. పేజీ 14, చివరి గడి." పేరు తెలియని ఆర్టిస్టైనా ఈ మూడు వాక్యాలు చదివితే నాకు ఆ సంచిక కొనాలనిపిస్తుంది.

జనం చేసే తప్పులు

సినిమా చూసొచ్చి కామిక్‌ను దానితో కొలవడం మొదటిది. తెర మీద మనిషి నిజంగా కదులుతాడు. కాగితం మీద కదలిక రెండు గడుల మధ్య తెల్ల సందులో మీ మనసులో జరుగుతుంది. రెండింటికీ ఒకే తక్కెడ పనికిరాదు.

చిన్నప్పటి ప్రేమ ఇంకోటి. ఏడో తరగతిలో చదివింది ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. దాన్నీ చీటీల పరీక్షకు పెట్టండి. నాకు ప్రాణమైన పుస్తకం ఒకటి ఘోరంగా ఫెయిలయ్యింది. ఇప్పటికీ ఇష్టమే. ఇష్టం వేరు, తీర్పు వేరు, రెండూ పక్కపక్కన ఉండొచ్చు.

ఇన్‌స్టాగ్రామ్‌లో విడిగా తిరిగే ఒక్క బొమ్మ చూసి ఆర్టిస్టును తేల్చేయడం కూడా మానుకోండి. ఆ ఒక్క బొమ్మకు నెల పట్టి ఉండొచ్చు. పేజీకి దొరికేది ఒక రోజు.

సరిచూసుకోవడం

మీ తీర్పు కాగితం మడిచి వారం పక్కన పెట్టండి. వారం తర్వాత అదే పేజీలు, పాత కాగితం చూడకుండా, మళ్ళీ చేయండి. రెండూ చాలావరకు కలిస్తే మీ కన్ను నిలబడ్డట్టు. కలవకపోతే ఏ పరీక్ష దగ్గర మారిందో చూడండి. ఎక్కువమందికి మారేది ఆరో పరీక్ష, ఆ రోజు మూడ్‌ను బట్టి.

ఇంకో దారి, ఇద్దరు విడివిడిగా చేసి కాగితాలు మార్చుకోవడం. తీర్పులు వేరైనా ఫరవాలేదు, ఇద్దరూ ఒకే గడి చూపించి వేరే మాట చెబితే అది మంచి గొడవ. ఒకరు పేజీ, గడి నంబర్లు ఇచ్చి ఇంకొకరు "నాకెందుకో నచ్చలా" అని మాత్రమే రాస్తే, ఆ రెండో మనిషిని మళ్ళీ మూడో పరీక్ష దగ్గర్నుంచి మొదలుపెట్టమనండి. చీటీలు మీరే ఇవ్వండి, లేకపోతే అదొక సాకు చెబుతారు.